సీటు కోసం ఒక ‘నేను’

“మేడమ్, మంచిగనే ఉన్నది గానీ ఇండ్ల నేను లేను.”

నేను దిద్ది ఇచ్చిన రెండు పేజీల ఇంగ్లీషు వ్యాసాన్ని చదువుకుని ఆ అమ్మాయి అన్న మాట ఇది. మహబూబాబాద్ దగ్గర ఒక తండా నుంచి వచ్చి బి.ఎస్సీ. నర్సింగ్ చదివింది. రెండేళ్ళు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పని చేసింది. విదేశంలో ప్రజారోగ్యం చదవడానికి దరఖాస్తు పెట్టుకుంటోంది. మార్కుల మెమోలు, ఇంగ్లీషు పరీక్ష స్కోరు, సిఫారసు ఉత్తరాలతో పాటు ఆ దరఖాస్తుకు ఇంకొకటి కావాలి. తనెవరో, ఈ చదువే ఎందుకు కావాలో తనే రాసుకున్న వ్యాసం. కొన్ని చోట్ల దాన్ని పర్సనల్ స్టేట్‌మెంట్ అంటారు, కొన్ని చోట్ల స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అంటారు. మా పిల్లలకు మాత్రం అది ‘ఎస్.ఓ.పి.’. పాత వరంగల్ జిల్లాలో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు చోట్లా ప్రభుత్వ కాలేజీల్లో ఇంగ్లీషు చెప్పాను కనుక ఇలాంటి కాగితాలు నా దగ్గరికి వస్తుంటాయి. దిద్దిపెట్టమంటారు. దిద్దుతాను.

ఆ రోజు నేను చేసిన పని దాచకుండా చెప్తాను. ఆమె రాసుకొచ్చిన మొదటి ప్రతి చప్పగా ఉందనిపించింది. ఎక్కడ చదివింది, ఏ వార్డులో చేసింది, ఏం నేర్చుకుంది, ఇంతే. “నీ గురించి ఏదీ? మీ ఇంటి గురించి చెప్పు” అని కూర్చోబెట్టి అడిగాను. అడగ్గా అడగ్గా తండ్రి తాగుడు గురించి, మిరపచేలల్లో కూలికి పోయిన తల్లి గురించి, హాస్టల్లో గడిచిన ఏళ్ళ గురించి చెప్పింది. నేను ఆ తండ్రిని తీసుకెళ్ళి మొదటి వాక్యంలో పెట్టాను. చీకట్లో తూలుతూ వస్తున్న మనిషి, తలుపు వెనక పుస్తకం పట్టుకున్న ఎనిమిదేళ్ళ పిల్ల. ఇంగ్లీషులో చాలా బాగా కుదిరింది. నాకే ముచ్చటేసింది.

“మా బాపు తాగుతడన్నది అబద్ధం గాదు మేడమ్” అందామె. “కానీ నన్ను సైకిల్ మీద కూసోబెట్టుకొని హాస్టల్ల దింపి వచ్చినోడు గూడ ఆయననే. గది రాయకుంట గిదే రాస్తే, మా బాపు ఆళ్ళకు ఎట్ల కనవడ్తడు? అసలు ఆళ్ళకెందుకు మేడమ్ ఇది?”

స్త్రీల ఆత్మకథల మీద సెమినార్లలో పేపర్లు చదివినదాన్ని నేను. గొంతు విప్పడం గురించి, మౌనాన్ని బద్దలు కొట్టడం గురించి తరగతి గదిలో పాఠాలు చెప్పినదాన్ని. ‘ఆళ్ళకెందుకు’ అన్న ఒక్క ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోయింది. ఈ వ్యాసం ఆ జవాబు వెతుక్కునే ప్రయత్నం. ఎస్.ఓ.పి.ని ఒక దరఖాస్తు కాగితంగా చూసి వదిలేయకుండా, ఒక సాహిత్య ప్రక్రియగా చదవాలని నా ఉద్దేశం. ఎందుకంటే ఇవాళ మన ఊళ్ళ ఆడపిల్లల్లో చాలామంది జీవితంలో మొట్టమొదట ‘నేను’ అని రాసుకునే ఆత్మకథ ఇదే. కథా రచయిత్రులు కావడానికి ముందే, కొన్నిసార్లు ఎప్పటికీ కాకుండానే, వాళ్ళు ఈ రూపంలో తమ బతుకుని రాసి ఎవరికో సమర్పిస్తున్నారు.

* * *

మన దగ్గర వృత్తి విద్యలో ప్రవేశానికి ఈ ప్రక్రియతో పని లేదు. నేను ఉద్యోగం చేసిన మూడు ఊళ్ళలోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామలో, భూపాలపల్లిలో 2023లో మొదలయ్యాయి. వాటిలో చేరే పిల్లని ‘నువ్వు డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నావు?’ అని ఎవరూ అడగరు. నీట్ ర్యాంకు, రిజర్వేషన్ కేటగిరీ, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం నడిపే కౌన్సెలింగు, అంతే. ఇంజనీరింగుకీ అంతే. ఎంసెట్ పేరు 2024 నుంచి ఈఏపీసెట్ అయింది గానీ పద్ధతి అదే. ర్యాంకు వస్తుంది, కంప్యూటర్లో ఆప్షన్లు పెడతారు, ఏది వస్తే అది చదువుతారు.

ఈ మౌనం కూడా క్రూరమైనదే. రెండేళ్ళు కార్పొరేటు కాలేజీ హాస్టల్లో నోరు మూయించి చదివించే పద్ధతిలో పిల్ల ఇష్టానికి చోటు లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న తెలివికి విలువ లేదు. అందుకే మొదటిసారి ఎస్.ఓ.పి. అడిగే దరఖాస్తులు చూసినప్పుడు నాకు సంతోషం కలిగింది. ‘అబ్బ, ఎవరో ఒకరు ఈ పిల్లల్ని నోరు తెరిచి మాట్లాడమన్నారు’ అనుకున్నాను. అలా అనుకోవడం పూర్తిగా తప్పని ఇప్పటికీ అనను. అయితే ఏం మాట్లాడమన్నారు, ఎంత మాట్లాడమన్నారు, విన్నాక ఏం చేస్తారు అన్న ప్రశ్నలు నాకు అప్పుడు తట్టలేదు.

ఎంత మాట్లాడాలో కొలతలున్నాయి. అమెరికాలో వైద్య విద్యకు పెట్టే ఉమ్మడి దరఖాస్తులో ఈ వ్యాసానికి 5,300 క్యారెక్టర్లు, అంటే అక్షరాలూ ఖాళీలూ అన్నీ కలిపి లెక్క. ఇంగ్లండులో డిగ్రీ ప్రవేశాలకు 4,000. అక్కడ 2026 ప్రవేశాల నుంచి ఒకే వ్యాసానికి బదులు మూడు ప్రశ్నలు చేశారు. కొలత మాత్రం అదే. ఏం మాట్లాడాలో ఎవరూ చట్టం రాయలేదు. కానీ పది ఎస్.ఓ.పి.లు వరసగా చదివితే అచ్చు ఒకటేనని తెలిసిపోతుంది. మొదటి పేరాలో ఒక దృశ్యం ఉండాలి, చదివేవాళ్ళను పట్టి ఆపేది. తర్వాత ఒక కష్టం. ఆ కష్టం మధ్య ఒక మెరుపు, ఒక టీచరో, పుస్తకమో, రోగో. అక్కడి నుంచి ఎదుగుదల. చివర్లో లక్ష్యం, దాంతో పాటు ఆ విశ్వవిద్యాలయం మీద రెండు పొగడ్త వాక్యాలు. కష్టం దాటేసి ఉండాలి. ఇంకా అందులోనే ఉన్నవాళ్ళ కథకు ఇక్కడ చోటు లేదు.

ఈ అచ్చులో మన ఆడపిల్లలు ఎలా ఇరుక్కుంటారో రెండు ఉదాహరణలు చెప్తాను.

భూపాలపల్లి అమ్మాయి. తండ్రి సింగరేణి కార్మికుడు. ఇంజనీరింగు చేసి ఎం.ఎస్.కి వెళ్ళాలనుకుంది. కన్సల్టెన్సీ వాళ్ళు రాసిచ్చిన ఎస్.ఓ.పి. తెచ్చింది. ‘చిన్నప్పటి నుంచీ నాకు యంత్రాలంటే వల్లమాలిన మక్కువ’ అని మొదలైంది. “నిజమేనా?” అని అడిగితే నవ్వేసింది. “ఆప్షన్ పెడితే ఇదొచ్చింది మేడమ్. వచ్చినంక ఇష్టమైంది.” నాకు ఆ మాట ఎంతో బాగుంది. తను ఎంచుకోని దానిలోకి నెట్టబడి, అందులో తన చోటు వెతుక్కుని, దాన్ని ఇష్టపడటం నేర్చుకోవడం మన స్త్రీలకు బాగా తెలిసిన అనుభవం. పెళ్ళిలో, ఉద్యోగంలో, వంటింట్లో అదే కదా చేస్తున్నాం! కానీ ఆ ప్రక్రియలో ఈ నిజం చెల్లదు. అక్కడ కోరిక పుట్టుకతోనే ఉండాలి. ఎంపిక చేసుకునే స్వేచ్ఛ పుట్టినప్పటి నుంచీ ఉన్నవాళ్ళ బతుకే అక్కడ కొలబద్ద.

రెండో అమ్మాయిది జనగామ జిల్లా, పాలకుర్తి వైపు. చాకలి కులం. ఎల్.ఎల్.బి. చేసి పై చదువుకు విదేశాలకు దరఖాస్తు పెట్టింది. తన వ్యాసంలో మూడు వాక్యాలు చిట్యాల ఐలమ్మ గురించి రాసుకుంది. విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డికి ఎదురునిలిచి, కౌలు భూమినీ పంటనీ కాపాడుకున్న ఐలమ్మ మా ఊరామె, భూమి, చట్టం, న్యాయం అన్న మాటలు నాకు ఆమె కథతోనే తెలిశాయి అని. కన్సల్టెన్సీలో వాటిని కొట్టేశారట, ‘అక్కడెవరికీ తెలియదు, అక్షరాలు వృథా’ అని. వాటి స్థానంలో బాల్యవివాహమైన వాళ్ళ నాయనమ్మ వచ్చి చేరింది. నాయనమ్మ పెళ్ళి నిజమే. కానీ చూడండి, పోరాడిన ఆడమనిషి పోయి అణగారిన ఆడమనిషి వచ్చింది. అక్కడివాళ్ళకు ఎవరు అర్థమవుతారో ఇక్కడి మధ్యవర్తి ముందే ఊహించి మన వంశవృక్షాన్ని కత్తిరించాడు. ఆ అమ్మాయి తన జాతిలో మొట్టమొదట తల ఎత్తినదానిగా మిగిలింది. వెనక ఎవరూ లేని ఒంటరి నాయిక.

* * *

తమ గురించి తాము చెప్పుకుని ప్రవేశం కోరడం మన సాహిత్యానికి కొత్త కాదు. ప్రతి కావ్యానికీ ముందు అవతారిక ఉంటుంది. కవి తనెవరో, ఎవరి బిడ్డో, ఎవరి శిష్యుడో, ఈ కావ్యం ఎందుకు రాస్తున్నాడో, ఎవరికి అంకితమిస్తున్నాడో చెప్పుకుంటాడు. మా జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోనే ఉంది పోతన ఊరు బమ్మెర. భాగవతం అవతారికలో ఆయన తల్లిదండ్రుల్నీ అన్ననీ తలుచుకుంటాడు, రాముడు కనిపించి రాయమన్నాడంటాడు. తన కావ్యాన్ని రాజులకిచ్చి ఊళ్ళూ వాహనాలూ పుచ్చుకోనంటాడు. ప్రవేశద్వారం దగ్గరే నిలబడి, ఆ ద్వారపాలకుడి పెత్తనాన్ని కాదన్న స్టేట్‌మెంట్ అది.

దాదాపు అయిదు వందల ఏళ్ళ కిందటి మొల్ల మాట చూద్దాం. ఆమె తండ్రి పేరూ పోతన తండ్రి పేరూ ఒకటే, కేసన. రామాయణం మొదట్లో మొల్ల తన చదువు గురించి చెప్పుకుంటుంది. వ్యాకరణం, సమాసం, అలంకారం, ఛందస్సు ఇలా పేరుపేరునా చెప్పి ఇవేవీ తనకు రావంటుంది. శ్రీకంఠమల్లేశుని దయవల్ల కవిత్వం చెబుతున్నానంటుంది. చాలాకాలం దీన్ని వినయంగానే పాఠం చెప్పారు. నేనూ అలాగే చెప్పాను. కానీ రానివాటి జాబితా అంత క్రమంగా ఇవ్వాలంటే వాటి పేర్లూ చోట్లూ తెలిసి ఉండాలి కదా. పండితసభలోకి ఆడమనిషికి, అందునా కుమ్మరి ఇంటి ఆడమనిషికి దారి లేనప్పుడు, రాదని చెబుతూనే లోపలికి అడుగు పెట్టిన నేర్పు అది. ఆమె తన కష్టాలేమీ చెప్పలేదు. పండితులు ఎన్ని మాటలన్నారో, ఇంట్లో ఏం జరిగిందో మనకు ఒక్క ముక్క తెలియదు. అది ఆమె చెప్పదలచుకోలేదు.

పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరులో ముద్దుపళని ఇంకో దారి పట్టింది. వినయం మాటే లేదు. తనకు దక్కిన గౌరవం తనలాంటి వాళ్ళలో ఎవరికి దక్కిందని రాధికా సాంత్వనం మొదట్లో సూటిగా అడుగుతుంది. తన ముందు తరాల ఆడవాళ్ళ విద్వత్తును తలుచుకుంటుంది. ఆ కావ్యాన్ని పందొమ్మిదో శతాబ్దంలో అచ్చు వేసినవాళ్ళు ఆ పీఠికనే వదిలేశారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి ప్రతిని వెతికి మళ్ళీ వేయించింది. ఆ మరుసటి ఏడే ప్రభుత్వం దాన్ని నిషేధించింది. స్త్రీ తన గురించి తను చెప్పుకున్న భాగాన్ని, తన ఆడవంశాన్ని చెప్పుకున్న భాగాన్ని తీసేసినా కావ్యానికి నష్టమేమీ లేదని ఒక సంపాదకుడికి తోచింది. పాలకుర్తి అమ్మాయి కాగితంలో ఐలమ్మ మీద పడిన గీత నాకు అప్పుడు గుర్తొచ్చింది.

అవతారికలో ‘నేను’ ఎప్పుడూ ఒంటరిగా రాదు. తల్లీ తండ్రీ, గురువూ దైవమూ, ముందుతరాల కవులూ అందరూ వెంట వస్తారు. అందులో కులగర్వం ఉంది, మగవంశాల గొప్ప ఉంది, దాన్ని నేను నెత్తిన పెట్టుకోవడం లేదు. కానీ ఎవరి చేతుల మీదుగా ఇక్కడిదాకా వచ్చానో చెప్పుకునే పద్ధతి ఒకటి మన దగ్గర ఉంది. అయినవాళ్ళని వదిలించుకుంటే తప్ప ఎదగలేదన్న కథ ఒక్కటే కథ కాదు.

* * *

మరి ఈ పర్సనల్ స్టేట్‌మెంట్ ఎక్కడి నుంచి వచ్చింది? దీని చరిత్ర తెలిసినప్పుడు నాకు కొంత కళ్ళు తెరుచుకున్నాయి. 1920లలో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయాల్లో పరీక్ష మార్కులతో సీట్లు తెచ్చుకునే యూదు విద్యార్థుల సంఖ్య పెరిగింది. వాళ్ళను తగ్గించడానికి మార్కులతో పాటు ‘గుణగణాలు’ చూడాలన్నారు. ఇంటర్వ్యూలు, ఫొటోలు, సిఫారసులు, నాయకత్వ లక్షణాలు, తన గురించి తను రాసుకునే వ్యాసాలు ఆ క్రమంలో వచ్చాయి. జెరోమ్ కారబెల్ 2005లో తెచ్చిన ‘ది చోజెన్’ అనే పెద్ద పుస్తకంలో ఈ కథంతా రాశాడు. అంటే నీ గురించి చెప్పమనడం మొదట్లో వినడానికి పుట్టింది కాదు, వడబోయడానికి పుట్టింది.

తర్వాత అదే వ్యాసం నల్లజాతి పిల్లలకూ వలస కుటుంబాల పిల్లలకూ కొంత దారి ఇచ్చిన మాట నిజం. ఏ ప్రక్రియా పుట్టినచోటే ఆగిపోదు. అయితే 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతిని ఒక అంశంగా లెక్కలోకి తీసుకోవడాన్ని కొట్టేసింది. హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల మీద వేసిన కేసులు అవి. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ రాసిన ఆ తీర్పులోనే ఒక కిటికీ తెరిచి ఉంచారు. జాతి తన జీవితాన్ని ఎలా ప్రభావితం చేసిందో ఒక విద్యార్థి వ్యాసంలో రాసుకుంటే దాన్ని చదవొచ్చు, కానీ అది ఆ వ్యక్తి ధైర్యానికో, సామర్థ్యానికో ముడిపడి ఉండాలి. నాకు అర్థమైనంతలో దీని సారం ఇది: నీ జాతికి చరిత్రలో జరిగిన అన్యాయం హక్కుగా చెల్లదు, నీకు జరిగిన గాయంగా చెప్పుకుంటే చెల్లవచ్చు. సమూహానిదైన బాకీ వ్యక్తి కన్నీటి కథగా మారింది. ఆ కథని పదిహేడేళ్ళ పిల్ల, తన గాయాన్ని ఏ మోతాదులో చూపాలో లెక్కవేసుకుంటూ రాయాలి.

ఇక్కడ మన దేశం వైపు తిరిగి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. మన రిజర్వేషన్ల చరిత్రలో పెద్ద మలుపు కూడా వృత్తి విద్యలో సీటు కోసం ఒక స్త్రీ ఇచ్చిన స్టేట్‌మెంటే. కోస్తాంధ్ర ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజులు. మెడికల్ కాలేజీ సీట్లను కులాలవారీగా పంచే ప్రభుత్వ ఉత్తర్వు వల్ల బ్రాహ్మణురాలినైన తనకు అన్యాయం జరుగుతోందని చంపకం దొరైరాజన్ అనే ఆవిడ అఫిడవిట్ వేసింది. అసలు ఆమె కాలేజీకి దరఖాస్తే పెట్టలేదని, విచారించుకుంటే సీటు రాదని తెలిసి ఆగిపోయానన్నదని సుప్రీంకోర్టులో తేలింది. అయినా 1951 ఏప్రిల్‌లో కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఆ ఏడాదే మొదటి రాజ్యాంగ సవరణతో 15వ అధికరణానికి నాలుగో క్లాజు చేర్చి వెనకబడిన వర్గాలకూ, షెడ్యూల్డు కులాలకూ, తెగలకూ ప్రత్యేక ఏర్పాట్లు చేసే వీలు కల్పించారు. ఒకామె మాట నమ్మడానికి ఆమె దరఖాస్తు కూడా అక్కర్లేకపోయింది. మహబూబాబాద్ తండా పిల్ల మాట నమ్మడానికి తండ్రి తాగుడు కావాల్సి వచ్చింది. అదీ, అడిగింది నేనే!

ఆ పిల్ల దగ్గర రెండు ఫైళ్ళున్నాయి. ఒకదాంట్లో తహసీల్దారు ముద్ర వేసిన కుల ధ్రువపత్రం. దానికోసం తండ్రీ కూతుళ్ళు ఆఫీసు చుట్టూ తిరిగారు, అవమానాలు పడ్డారు, అది గొప్ప అనుభవమేమీ కాదు. కానీ ఆ కాగితం ఆమెను ఒక్క విషయం అడగలేదు. నువ్వు ఎంత ఏడ్చావు, ఎంత బాగా ఏడ్చావు అని అడగలేదు. నువ్వు ఈ సమూహంలో పుట్టావు, ఈ సమూహానికి ఈ రాజ్యం ఇంత బాకీ ఉంది, ఇదిగో నీ వాటా, అంది. నర్సింగ్ సీటు ఆ కాగితం మీదే వచ్చింది. రెండో ఫైల్లో నేను దిద్దిన రెండు పేజీలున్నాయి. రిజర్వేషన్ గురించి మాట్లాడేటప్పుడు మనం సీట్ల శాతాలే లెక్కపెడతాం. తన బతుకును ఎవరి ముందూ విప్పి చూపకుండానే చదువుకోగలగడం అనే మర్యాద అందులో ఉందని నేను ఇన్నేళ్ళూ గమనించలేదు.

* * *

ఇక్కడ నన్ను ఎవరైనా నిలదీయొచ్చు. ‘వ్యక్తిగతం కూడా రాజకీయమే’ అన్నది మన ఉద్యమమే కదా. ఇంటి గుట్టు బయట పెట్టమన్నది మనమే కదా. ఇప్పుడు ఒక దరఖాస్తు అదే అడిగితే నొప్పేమిటి?

నాకు జవాబు దొరికింది మళ్ళీ జనగామలోనే. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకాన్ని ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని మరోసారి చదివాను. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలవి. ఐలమ్మ ఉంది. ఇదే జిల్లా ఖిలాషాపురం దూడల సాలమ్మ ఉంది. ఉద్యమం కోసం పసిబిడ్డను వేరేవాళ్ళకు ఇచ్చేసిన కమలమ్మ ఉంది. వాళ్ళూ తమ బాధలు చెప్పారు. అడిగినవాళ్ళూ చదువుకున్న పట్నం స్త్రీలే, నాలాంటివాళ్ళే. తేడా ఏమిటంటే, ఆ మాటల వల్ల చెప్పినవాళ్ళకు సీటు రాదు, పోదు. వాళ్ళు గెలిచిన కథే చెప్పనక్కర్లేదు. పోరాటం ఆగాక ఇళ్ళకు పొమ్మన్నారన్న కోపం, పార్టీలో కూడా పొయ్యి దగ్గరే ఉంచారన్న ఫిర్యాదు, తేలని దుఃఖం అన్నీ అందులో ఉన్నాయి. ఒకే సంగతి రెండుసార్లు రెండు రకాలుగా చెప్పినా ఎవరూ మార్కులు తగ్గించరు. రికార్డు చేసినవాళ్ళు కూడా మేమెవరం, మాకు ఏం వినపడింది, ఏం వినపడలేదు అని తమను తాము ప్రశ్నించుకున్నారు.

వ్యక్తిగతం రాజకీయం అవుతుంది, ఒకరి బాధ పక్కనున్న పదిమంది బాధతో కలిసినప్పుడు. నీకూ ఇలాగే జరిగిందా అని ఒకరినొకరు అడుక్కున్నప్పుడు. ఎస్.ఓ.పి.లో జరిగేది దీనికి తలకిందులు. పదిమంది బాధలోంచి ఒక బాధను విడదీసి, మిగతా తొమ్మిదిమంది కంటే ఇది గొప్పదని నిరూపించాలి. పక్కనున్న పిల్ల అక్కడ అక్క కాదు, చెల్లె కాదు, పోటీదారు. తల్లి అజ్ఞానం, తండ్రి తాగుడు, ఊరి వెనకబాటు అన్నీ ఆమె దాటొచ్చిన అడ్డంకులు. మన కథల్లో విలన్ పితృస్వామ్యం, కులం, రాజ్యం. ఈ కథలో విలన్ ఇల్లు.

చెప్పడం ఎంత హక్కో, చెప్పకపోవడం కూడా అంత హక్కే అని దళిత స్త్రీలు మనకు ఎప్పటినుంచో చెప్తూనే ఉన్నారు. గోగు శ్యామల 2011లో రాసిన టి.ఎన్. సదాలక్ష్మి బతుకు కథ పేరు ‘నేనే బలాన్ని’. ఎంత కష్టపడ్డానో చూడండి అనే గొంతు ఆ పేరులో లేదు. దళిత స్త్రీ బతుకంటే బాధల జాబితా అనుకుని పుస్తకం తెరిచేవాళ్ళని ఆ పేరు గడప దగ్గరే ఆపి సరిచేస్తుంది.

* * *

నాతో మాట్లాడి వెళ్ళిన నాలుగు రోజులకు ఆ అమ్మాయి కొత్తగా రాసుకొచ్చింది. నేను రాసిన మొదటి పేరా లేదు. తండ్రి ఒకే ఒక వాక్యంలో ఉన్నాడు, సైకిల్ మీద. అసలు వ్యాసం ఒక రిజిస్టరు గురించి. తను పని చేసిన ఆరోగ్య కేంద్రంలో ఓ.పి. రిజిస్టరు. మిరపకాయ ఏరే రోజుల్లో చేతులు మండుతున్నాయని, కళ్ళు మండుతున్నాయని, దగ్గు ఆగట్లేదని ఆడవాళ్ళు వస్తారు. పేరు, వయసు, ఊరు, జబ్బు, ఇచ్చిన మందు రాస్తారు. ఏం పని చేస్తారన్న కాలమ్ ఆ రిజిస్టరులో లేదు. కాబట్టి ఆ మంట మిరపచేలదని ఎక్కడా రాసి ఉండదు. పై నుంచి లెక్కలు చూసేవాళ్ళకు అది చర్మవ్యాధి, కంటిజబ్బు, దగ్గు. ఆమె ఒక సీజనంతా సొంత నోటుబుక్కులో ఆ కాలమ్ గీసుకుని రాసుకుందట. ‘ఈ కాలమ్ ఎలా గీయాలో, గీస్తే ఎవరు చదవాలో నేర్చుకోవడానికి మీ దగ్గరికి రావాలనుకుంటున్నాను’ అని ముగించింది.

అందులో వాళ్ళ యాడి ఉంది, కానీ ‘మా అమ్మ’ అని ఎక్కడా రాయలేదు. చేతులు మండుతున్నాయని వచ్చిన ఆడవాళ్ళలో కలిసి ఉంది. ఎవరు తల్లో గుర్తుపట్టాల్సిన పని ఆ కమిటీకి లేదు.

నేను రెండు స్పెల్లింగులు, మూడు ఆర్టికల్సు దిద్దాను. ఇంకేమీ ముట్టుకోలేదు. మూడు చోట్లకు పెడితే రెండు చోట్ల రాలేదు, ఒక చోట వచ్చింది. నా మొదటి పేరా ఉంటే మూడు చోట్లా వచ్చేదేమోనన్న పాడు ఆలోచన నాకు వచ్చిన మాట కూడా చెప్పాలి. ఆ ద్వారాల దగ్గర కన్నీళ్ళకు ఎంత గిరాకీ ఉందో నాకు తెలుసు. గిరాకీ ఉన్నంతకాలం కొందరు పిల్లలు అమ్ముకుంటారు, వాళ్ళను తప్పుపట్టే అర్హత నాకు లేదు. అమ్మించే చేయి నాది కాకూడదనుకున్నాను.

ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది టీచర్లు, రచయిత్రులు. పిల్లలు తెచ్చిన ఇలాంటి కాగితాలు మీ బల్లల మీద కూడా ఉంటాయి. మంచి తెలుగు, మంచి ఇంగ్లీషు వచ్చినవాళ్ళం, ఏ వాక్యం గుండెను పట్టుకుంటుందో మనకు తెలుసు. అందుకే మన చేతిలో కలం కొంచెం ప్రమాదకరం కూడా. ఇప్పుడు నేను ఏ అమ్మాయి వచ్చినా ముందు ‘మీ ఇంటి గురించి చెప్పు’ అనడం మానేశాను. ‘నువ్వు చూసింది ఏమిటి? ఇంకెవరూ చూడనిది?’ అని అడుగుతాను. ఇంటి సంగతి తనంతట తను చెబితే వింటాను, కాగితం మీద పెట్టాలా వద్దా అన్నది తనకే వదిలేస్తాను. ఐలమ్మ పేరు రాస్తే కొట్టేయను. ‘అక్కడెవరికీ తెలియదు’ అంటే, ఒక వాక్యం ఎక్కువ రాసి తెలియజెయ్యి అంటాను. అక్షరాల లెక్కలో ఆమెకి చోటు చాలకపోతే విశ్వవిద్యాలయం మీది పొగడ్త వాక్యాలు తీసేయమంటాను.

మొన్న భూపాలపల్లి నుంచి ఇంకో అమ్మాయి ఫోన్ చేసింది. “మేడమ్, ఎస్.ఓ.పి. రాసిన. జర సూడున్రి. కష్టాలేం లేవు నాకు, మామూలుగనే పెరిగిన. ఏమన్న కలపాల్నా?”

ఏమీ కలపొద్దన్నాను. పంపమన్నాను.